తిరగేసిన అలల పట్టు

మా బర్మాలోని మాండలే మ్యూజియంలో మేము నేసిన పట్టు బట్టను తిరగేసి వేలాడదీశారు. చూడగానే నాకు ఒళ్ళు మండింది.

"ఏం బాబూ, నీ లుంగీ కూడా ఇలాగే తిరగేసి కట్టుకుంటావా? మా అమరపుర నేతగాళ్ళు చూస్తే నవ్విపోతారు!" అన్నాను.

అక్కడి అధికారి న్యేన్ థో కంగారుపడ్డాడు. "తప్పయింది పెద్దమ్మా, ఇప్పుడే తిప్పేస్తాను" అంటూ నిచ్చెన కోసం పరుగెత్తాడు.

అప్పుడు తీరిగ్గా చూశాను. అలల పట్టు నేసేటప్పుడు మగ్గం మీద మాకు కనబడేది వెనకవైపే. అక్క తాన్ యీ, నేనూ పక్కపక్కన కూర్చుని, రంగు దారాలు చుట్టిన వంద నాడెలు ఒకరికొకరు అందించుకుంటూ ఏడు నెలలు చూసింది ఈ ముడులనే. ఎడమ సగం అక్కది. ఆమె ముడులు ఆవగింజలంత. ఇంకా జానెడు నేయాల్సి ఉండగా జ్వరమొచ్చి అక్క కన్నుమూసింది. అక్కడినుంచి రెండు సగాల్లోనూ నా మొద్దు ముడులే.

అక్క వేసిన చివరి ముడిని తాకబోతుంటే అతను నిచ్చెనతో వచ్చాడు.

"వద్దులే బాబూ, అలాగే ఉండనీ."

"అయ్యో, మీరు తిట్టింది న్యాయమే కదా పెద్దమ్మా!" అంటూ తిప్పేశాడు.

ముందువైపు అలలు నున్నగా మెరిశాయి. అక్క చెయ్యి ఎక్కడ ఆగిపోయిందో ఎంత వెతికినా నాకే కనబడలేదు.