తప్పిపోయిన అమ్మలు

ఎర్ర కుర్చీ తుడవడం అయ్యాక మైకమ్మ పసుపు కుర్చీ అందుకుంది. రెండూ మోకాలెత్తు కుర్చీలే. ఎర్రది పిల్లలకి, పసుపుది తనకి. అంత మనిషి అంత చిన్న కుర్చీలో ఎలా ఇముడుతుందని పార్కులో పనిచేసేవాళ్ళంతా నవ్వుకునేవాళ్ళు. ఏడుస్తున్న పిల్ల ముందు నిలబడి మాట్లాడితే మేడ వచ్చి మాట్లాడినట్టుంటుందని ఆమె వాదన. కూర్చుంటూ "అమ్మో" అనేది, లేస్తూ "అయ్యో" అనేది. ఆ రెంటి మధ్యా ఆమె ఉద్యోగం సాగిపోయేది.

గుడ్డ మీద ఇంకాస్త మందు నీళ్ళు పోసుకుని మళ్ళీ తుడిచింది. నిన్నా ఎవరూ కూర్చోలేదు, మొన్నా ఎవరూ కూర్చోలేదు. అయినా రోజూ తుడవాలని కొత్త నిబంధన. మనిషి తగలని కుర్చీకి ఇన్ని స్నానాలెందుకో ఆ మేనేజరుకే తెలియాలి.

రంగులరాట్నం పక్కనే ఆ గది. తలుపు మీద 'తప్పిపోయిన పిల్లల గది' అని బోర్డు. లోపల బల్ల, నీళ్ళ కూజా, బిస్కెట్ల డబ్బా, మైకు. మైకు తలకి నీలం అంచు రుమాలొకటి చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉండేది. గొంతు గరగరమంటే పక్కన కూర్చున్న పిల్ల బెదురుతుందని చేరిన కొత్తలోనే కట్టింది. వెలిసినప్పుడల్లా ఇంకోటి, అదే నీలం అంచుది, కొని కట్టేది. ఆమె అసలు పేరు జీతాల గదిలో తప్ప మరెక్కడా వినపడేది కాదు.

కిటికీలోంచి చూస్తే రంగులరాట్నం తిరుగుతోంది. గుర్రం విడిచి గుర్రానికి పసుపు టేపు చుట్టారు. పాట మాత్రం పూర్తిగానే మోగుతోంది. జబ్బు భయంతో నెలల తరబడి మూసి, మళ్ళీ తెరిచిన పార్కు అది. వచ్చేవాళ్ళు పలచగా వస్తున్నారు, వచ్చినవాళ్ళు పిల్లల మణికట్లు వదలడం లేదు. దాంతో తెరిచినప్పటినుంచి ఒక్క పిల్లా తప్పిపోలేదు.

అదే ఆమె కొంప ముంచింది. నిన్న మేనేజరు గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"రేపొక్కరోజేనండీ ఈ గది. ఎల్లుండినుంచి జ్వరం ఉన్నవాళ్ళని ఇక్కడ కూర్చోబెడతాం. మీరు గేటు దగ్గర నుదుళ్ళు చూద్దురుగాని."

"పిల్లలు తప్పిపోతేనో?"

"తప్పిపోవట్లేదుగా."

ఇవాళ పొద్దున బస్సు దిగుతూ, వెళ్ళిపోయేలోగా ఒక్క పిల్లైనా తప్పిపోతే బాగుండును అనుకుంది. వెంటనే లెంపలేసుకుంది. ఛీ, ఇదేం పాడు కోరిక, ఏ తల్లికి కడుపుకోత పెట్టాలని? కానీ కోరిక మాత్రం పోలేదు. చివరిసారిగా ఒక్క పిల్లని తల్లికి అప్పగించి తలుపు వెయ్యాలి. అంతే.

ఈ పని ఆమె ఏరికోరి చేరింది కాదు. మొగుడు చెప్పాపెట్టకుండా పోయాక, చంటిపిల్లని పక్కింటావిడ చేతిలో పెట్టి ఎక్కడ పని దొరికితే అక్కడికి వచ్చింది. చేరాక తెలిసింది, తనకి ఇది వచ్చునని. ఊరందరి పిల్లల్నీ ఒడిలో కూర్చోబెట్టుకుని సాయంత్రం ఇంటికెళ్తే సొంత పిల్ల పక్కింటి అరుగు మీద ఎదురుచూస్తూ ఉండేది. కొన్నిసార్లు నిద్రపోయి ఉండేది. ఆ పిల్ల పెద్దదై ఇప్పుడు మందుల షాపులో పనిచేస్తోంది. ఏ రోజూ ఈ పార్కు గేటు దాటలేదు.

"నీకెప్పుడూ పొరుగింటి పుల్లకూరే రుచి," అంటుంది నవ్వుతూనే. "అందరికీ వాళ్ళ అమ్మల్ని వెతికిపెట్టావు. నాకు మాత్రం చీకటిపడ్డాకే దొరికేదానివి."

మైకమ్మ కూడా నవ్వేసేది. ఆ మాట మాత్రం ముల్లులా లోపలే ఉండిపోయేది.

మధ్యాహ్నం ఎండ కిటికీ దిగుతుండగా కాపలా బాబాయి ఒక పిల్లని వెంటబెట్టుకొచ్చాడు. నాలుగేళ్ళుంటాయేమో. పిల్లి బొమ్మ మాస్కు ముక్కు కిందికి జారిపోయింది. ఏడుపుకి వెక్కిళ్ళు పడుతున్నాయి.

"ఎవరావిడదో చెయ్యి పట్టుకుని, అమ్మే అనుకుని సగం పార్కు తిరిగేసింది," అన్నాడు బాబాయి. "వాళ్ళమ్మలాగే ఆవిడవీ ఆకుపచ్చ బట్టలే, అదే రంగు మాస్కు. ఆవిడ పిల్లేమో వాళ్ళ నాన్న దగ్గరుందిట. పట్టుకున్నది తన పిల్లే అనుకుని ఆవిడా చూసుకోలేదు."

ముఖాలు కనిపించని కాలంలోనే జరిగే పొరపాటు. మైకమ్మ "అమ్మో" అంటూ పసుపు కుర్చీలో కూలబడింది. పిల్ల ఎర్ర కుర్చీ పక్కన బిగుసుకుని నిలబడింది.

"ఏడవకు తల్లీ. నువ్వేం తప్పిపోలేదు. ఇదిగో, ఇక్కడే ఉన్నావుగా. తప్పిపోయింది మీ అమ్మ."

ఇన్నేళ్ళుగా ప్రతి పిల్లకీ చెప్పిన మాటే అది. ఈ పిల్ల కూడా ఏడుపు ఆపి ఆలోచించింది. అవును, తను ఇక్కడే ఉంది, కనపడనిది అమ్మే.

"అమ్మకి దారి తెలీదు," అంది దిగులుగా.

"పెద్దవాళ్ళు అంతేనమ్మా. చెయ్యి వదిలితే ఎటో పోతారు. మనం వెతుకుదాం. ఎలా ఉంటుంది మీ అమ్మ?"

"మాస్కు ఉంటుంది."

"మాస్కు తీస్తే?"

పిల్ల తన పై పెదవి ఎత్తి చూపించింది. "ఇక్కడ పన్ను మీద పన్ను ఉంటుంది. నవ్వితే వస్తుంది."

మైకమ్మ మైకు దగ్గరికి లాక్కుంది. ప్రకటనలు పద్ధతిగా చెయ్యమని మేనేజరు ఎన్నిసార్లు చెప్పాడో. చివరి రోజు పద్ధతేమిటి?

"అందరికీ మనవి. ఒక అమ్మ తప్పిపోయింది. ఆకుపచ్చ బట్టలు. నవ్వితే పన్ను మీద పన్ను కనిపిస్తుంది. వాళ్ళమ్మాయి ఇక్కడ ధైర్యంగా ఎదురుచూస్తోంది. అమ్మా, కంగారుపడకు. రంగులరాట్నం పక్క గదికి వచ్చెయ్."

బయట వరసలో ఉన్నవాళ్ళు నవ్వడం వినిపించింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ నవ్వు విని పిల్ల కుర్చీలో కూర్చుని బిస్కెట్టు అడిగింది.

తల్లి పరుగున వచ్చింది. మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తెర, చేతులకి తొడుగులు. "నా తల్లీ" అంటూ చేతులు చాపింది. పిల్ల దిగ్గున లేచి మైకమ్మ వెనక దాక్కుంది. ఒకసారి మోసపోయిన పిల్ల మరి. ఆకుపచ్చ బట్టల్ని ఇంక నమ్మదు.

"నేనే కదే! నా గొంతు తెలీట్లేదా?"

మాస్కులోంచి ఆ ఏడుపు గొంతు ఎవరిదైనా కావచ్చు. పిల్ల తలెత్తలేదు. మైకమ్మకొక నియమం ఉంది. పిల్లని తను చేతికివ్వదు. పిల్ల తనంతట తనే నడిచి వెళ్ళాలి.

"ఒక్కసారి మాస్కు తియ్యమ్మా."

తల్లి చెయ్యి చెవిదాకా వెళ్ళి ఆగిపోయింది. "మా ఇంట్లో ఇద్దరు పోయారండీ," అంది. "ఇంటి బయట ఒక్కసారి కూడా తియ్యలేదు. నావల్ల కాదు."

మైకమ్మ "అయ్యో" అంటూ లేచింది. తలుపు బార్లా తెరిచింది, కిటికీ తెరిచింది. గది చివరికి పోయి గోడవైపు తిరిగి నిలబడింది.

"నేనిటు తిరిగాను. నువ్వూ నీ పిల్లా అంతే. ఎంతసేపు కావాలంటే అంతసేపు."

ఇన్నేళ్ళలో ఆమె చూడకుండా ఉన్న కలయిక అదొక్కటే. ప్లాస్టిక్ తెర బల్ల మీద పెట్టిన చప్పుడయింది. తరవాత ఏ చప్పుడూ లేదు. తరవాత, "అమ్మా, పన్ను" అన్న మాట, చిన్న చెప్పుల పరుగు, ఇద్దరి ఏడుపు. గోడకి సున్నం పెచ్చులూడిన చోటు చూస్తూ మైకమ్మ కళ్ళు తుడుచుకుంది. వాళ్ళు మళ్ళీ మాస్కులు పెట్టుకున్నాకే ఇటు తిరిగింది.

గుమ్మం దగ్గర పిల్ల ఆగింది. "నిన్నెవరు తీసుకెళ్తారు?"

ఇంతవరకూ ఏ పిల్లా అడగని ప్రశ్న. "మా అమ్మాయి వస్తుందిలే," అనేసింది మైకమ్మ.

అన్నాక ఆ మాట ఆమెని పట్టుకుంది. సాయంత్రం కూతురికి ఫోను చేసింది.

"ఇవాళే ఇక్కడ ఆఖరు. వచ్చి తీసుకెళ్తావా?"

"ఏం, ఒంట్లో బాగోలేదా? బస్సు లేదా?"

"అన్నీ ఉన్నాయి. ఊరికే అడిగా. ఒకసారి గది చూస్తావని."

"షాపు నిండా జనమమ్మా. ఇంకోరోజు తప్పకుండా వస్తా."

"సరేలే, అదేం పరుగెత్తుకుపోతుందా," అని నవ్వింది మైకమ్మ. ఫోను పెట్టేసి, బిస్కెట్ల డబ్బా మూత బిగించి, కుర్చీలు రెండూ ఎదురెదురుగా పెట్టి, తాళం బాబాయికిచ్చి బస్సెక్కింది.

గేటు దగ్గర రెండు వారాలు నుదుళ్ళు చూసింది. తరవాత జ్వరమొచ్చింది. ఎక్కడ అంటుకుందో ఎవరు చెప్పగలరు, గేటులోనో, బస్సులోనో, మందుల షాపునుంచి కూతురి వెంట ఇంటికే వచ్చిందో. ఆసుపత్రి గుమ్మం దాటి కూతుర్ని లోపలికి రానివ్వలేదు. మూడో రోజు తెల్లవారుజామున మైకమ్మ పోయింది. పార్కులో ఆ సంగతి పొద్దున టీల వేళకి తెలిసింది. రంగులరాట్నం మామూలు వేళకే మొదలైంది.

ఆ నెలాఖరున ఒక సాయంత్రం ఒకమ్మాయి గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. మాస్కు పైన అచ్చం మైకమ్మ కళ్ళే చూసి బాబాయి పోల్చుకున్నాడు.

"అమ్మని తీసుకెళ్దామని వచ్చానండీ," అంది ఆ అమ్మాయి. అని, నాలిక్కరుచుకుని, "అమ్మ సామాన్లు," అంది.

బాబాయి గది తాళం తీశాడు. జ్వరాల వాళ్ళకని తెచ్చిన మంచం గోడకి ఆనించి ఉంది. అతను గొడుగు, అన్నం డబ్బా, పాత చెప్పులు ఒక్కొక్కటే తెచ్చి ఇచ్చాడు. ఆమె వాటిని ఒళ్ళో పెట్టుకుని పసుపు కుర్చీ వదిలి ఎర్ర కుర్చీలో కూర్చుంది. బయట దీపాలు వెలిగాయి. పార్కు మూసే వేళయింది. మూసేస్తున్నామని మైకులో ప్రకటన చెయ్యాల్సింది ఇప్పుడు బాబాయే. బల్ల దాకా వెళ్ళాడు, ఆమెకేసి చూశాడు, గేటు దగ్గర నోటితోనే చెప్పుకుంటానని వెళ్ళిపోయాడు.

చీకటి పడేదాకా ఆమె అక్కడే కూర్చుంది. బల్ల మీద మైకు తలకి నీలం అంచు రుమాలు కట్టే ఉంది, పెదాలు ఆనే చోట కాస్త వెలిసి.