ఐదు పేర్ల కాగితం

నేను ఒక కాగితాన్ని. ఆషామాషీ కాగితాన్ని కాను, సర్కారు ముద్ర పడినదాన్ని. నన్ను కుటుంబ జాబితా అంటారు. ఏ దేశపు సర్కారో మాత్రం చెప్పను. చెబితే "హమ్మయ్య, మనది కాదు" అని మీరు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. సముద్రం పక్కన, వానలు జోరుగా పడే చోటనుకోండి, చాలు.

ఒక గుమాస్తా నా మీద ఐదు పేర్లు రాశాడు. జాఫర్, అతని తల్లి, భార్య సెనోవారా, ఇద్దరు పిల్లలు. గుండ్రటి దస్తూరి, ఒక్క కొట్టివేత లేదు. గిట్టనివాళ్ల పేర్లు కూడా మనుషులు ఎంత శ్రద్ధగా రాస్తారో! ముద్ర పడినప్పుడు నేను పొంగిపోయాను కూడా. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఏటా తనిఖీ జరిగేది. ఇంటిల్లిపాదీ వాకిట్లో వరసగా నిలబడాలి. నాలో ఉండి వాకిట్లో లేకపోతే ఆ పేరు ఎర్రసిరాతో కొట్టేస్తారు. వాకిట్లో ఉండి నాలో లేకపోతే తండ్రికి జైలు. వాళ్ల జాతికి ఇద్దరు పిల్లలే ఉండాలని చట్టం మరి. మిగతా జాతులకు ఆ లెక్క లేదు. అలాంటి చోట సెనోవారాకు మూడోవాడు పుట్టాడు.

తనిఖీ వస్తే ఆమె వాణ్ణి ఖాళీ ధాన్యపు గాదెలో కూర్చోబెట్టి మూత పెట్టేది. చప్పుడు చేయకూడదని నేర్పింది. పేరు పెట్టింది గానీ, వాడి చెవిలో తప్ప పైకి పలకలేదు. ఇరుగుపొరుగుకు వాడు "ఆ ఇంటి పసివాడు", అంతే. మూడేళ్లు నిండేసరికి నవ్వినా శబ్దం రాకుండా నవ్వడం వాడికి వచ్చేసింది. మా వాడు ఎంత బుద్ధిమంతుడో అని జాఫర్ మురిసిపోయేవాడు.

ఒక వానాకాలం పొద్దున సైన్యం దిగింది. వాళ్ల చేతిలో నా నకలు ఉంది కాబట్టి ఎవరి ఇల్లు ఏదో వెతుక్కోవలసిన పని లేకపోయింది. సెనోవారా వాగుకు వెళ్లింది. గడప దాటితే నన్ను వెంట ఉంచుకోవాలని రూలు కనుక నేనూ ఆమె కొంగులోనే ఉన్నాను. మేము తిరిగి వచ్చేసరికి వాకిట్లో నలుగురూ పడి ఉన్నారు. ఇల్లు కాలుతోంది. పిల్లవాడు తనిఖీ అనుకున్నాడు కాబోలు, వాడంతట వాడే గాదెలోకి దూరాడు. పొగ కమ్ముకున్నా నోరెత్తలేదు. సెనోవారా మూత తీసేసరికి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఊపిరి లేకుండా ఉన్నాడు.

దేశాలు దాటి హైదరాబాద్ శివార్లలో, ప్లాస్టిక్ చెత్త ఏరే గోదాం పక్కన రేకుల గుడిసెలో పడ్డాం. తొమ్మిదేళ్ల తరువాత లాయరు స్వరూప వచ్చింది. ఆ ఊచకోత మీద ఎక్కడో పెద్ద కోర్టులో కేసు నడుస్తోందట, చనిపోయినవాళ్ల పేర్లు రుజువులతో పంపాలట. నన్ను చూడగానే ఆమె కళ్లు మెరిశాయి. వీళ్లను పట్టించడానికి పుట్టినదాన్ని, చివరికి వీళ్లు ఒకప్పుడు బతికి ఉన్నారనడానికి సాక్షినయ్యాను.

"మేడం, అండ్ల మా చిన్నోని పేరు లేదు. మీ చేత్తోని రాయుండ్రి" అంది సెనోవారా. గోదాంలో అబ్బిన తెలుగు అది.

"ఇప్పుడు రాస్తే దొంగ కాయిదం అంటరక్కా. కడమ నలుగురి పేర్లు గూడ చెల్లయి."

"అయితే వాడు పుట్టనే లేదా?"

స్వరూప నన్ను పక్కన పెట్టింది. "వాని పేరు తెల్సినోళ్లు ఎవరన్న ఉన్నరా?"

ఎవరూ లేరు. ఆ తల్లి అంత జాగ్రత్తగా దాచుకుంది.

"గీ కేసుతోని ఏమైతది మేడం?"

"ఇంకో తాన ఇట్ల జాబితాలు రాసుడు షురువైనప్పుడే ఆపాలె. సంపినంక కాదు. గందుకే ఈ తిప్పలు."

మంచి మనిషి. కానీ ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో బలం లేదు. నాకూ నమ్మకం లేదు. నాలాంటి కాగితాలు ఇంకా ఎక్కడో అచ్చవుతూనే ఉంటాయి.

స్వరూప ఒక తెల్లకాగితం తీసింది. "తల్లివి నువ్వు. నీ మాటనే రాస్త. నమ్ముతరో లేదో జెప్పలేను. పేరు జెప్పు."

సెనోవారా ముందు తలుపు వైపు చూసింది. తరువాత పెదవులు కదిపింది. స్వరూపకు వినిపించలేదు.

"గట్టిగ జెప్పక్కా. ఈడ ఎవ్వలు రారు."

"అయాస్!" అని అరిచింది ఆమె. గోదాంలో చెత్త ఏరుతున్నవాళ్లు తలెత్తి చూశారు.

వాడు బతికిన మూడేళ్లూ నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. వాడి పేరు వినడం నాకూ అదే మొదటిసారి.