రసమట్టం తప్పు కాదు

మే పదకొండు, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. మెట్‌పల్లి శివారులో ఇంకా సున్నం వేయని ఇంట్లో, కొత్త బాత్రూంలో బొల్లం భూలక్ష్మి జారి పడింది. కుడి మోచేయి వాచింది. ఆమె పడిన చోట, తలుపు పక్కన, రెండు వేళ్ల లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి. తప్పు నాదని ఆమె భర్త రాజేశం అన్నాడు.

నేను ఒక రసమట్టాన్ని. రెండడుగుల అల్యూమినియం కడ్డీ, మధ్యలో గాజు గొట్టం, గొట్టంలో రసం, రసంలో ఒక గాలి బుడగ. నేల సమంగా ఉంటే బుడగ రెండు గీతల నడుమ నిలుస్తుంది. లేకపోతే ఎత్తున్న వైపు పోతుంది. ఇంతకు మించి నాకేమీ తెలియదు. తెలిసిన ఈ ఒక్కదానిలో ఎన్నడూ తప్పలేదు.

జలంధర్‌లో ఒక రేకుల షెడ్డులో తయారయ్యాను. కోరుట్ల అంగడిలో మేస్త్రీ కనకయ్య నన్ను కొన్నాడు. తొమ్మిదేళ్లు అతని దగ్గరున్నాను. కనకయ్య ఎవరి మాటా వినేవాడు కాదు. నా మాట వినేవాడు. రాజేశం ఇంటి పని మొదలైన మూడో నెలలో ఇద్దరికీ చెడింది. రాజేశం బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు. ఇంజన్లు దించి ఎక్కించినవాడికి టైల్స్ వేయడం ఒక లెక్కా అన్నాడు. కనకయ్య తాపీ కడుక్కుని వెళ్లిపోయాడు. ఇసుక కుప్ప మీద నన్ను మరచిపోయాడు.

అలా రాజేశం చేతికి వచ్చాను. అతను ఫోన్‌లో వీడియోలు చూశాడు. కుళాయి బిగించాడు, దాని కింద చెంబు పట్టింది, బకెట్ పట్టలేదు. తర్వాత బాత్రూం నేలకు టైల్స్ వేశాడు. నీళ్లు పోయే జాలీ పడమటి గోడ దగ్గర ఉంది. తూర్పున తలుపు. నన్ను టైల్స్ మీద పెట్టాడు. బుడగ పడమరకు వెళ్లింది. పడమర ఎత్తయిందని నేను చెప్పాను. బుడగ ఎటు పోతే నీళ్లూ అటే పోతాయని అతను అనుకున్నాడు. సిమెంటు ఆరనిచ్చాడు.

భూలక్ష్మికి గడువు ఉంది. కూతురు సౌజన్యను తొలి కాన్పుకు ఇరవై ఆరున తీసుకురావాలి. ఇంతకుముందు ఒకసారి సౌజన్యకు నాలుగో నెలలో కడుపు పోయింది. ఈసారి ఎక్కడా పడకుండా చూసుకోమని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.

పది రోజులు రాజేశం బాత్రూం జోలికి వెళ్లలేదు. నీళ్లు నిలిచింది ఈశాన్య మూలన, వాస్తుకు మంచిదే అన్నాడు.

"అయితే చాపపిల్లల దెచ్చి ఇడువు," అంది భూలక్ష్మి, బీడీలు చుడుతూ.

నేను అంగడి సరుకునని, నా గొట్టం చెడిపోయిందని అతను వాడకట్టంతా చెప్పాడు. సిమెంటు సంచుల వెనక పడేశాడు. నేను ఒప్పుకోలేదు. ఆ సంచుల వెనక కూడా నా బుడగ ఎత్తున్న వైపే ఉంది.

ఇరవై ఒకటిన భూలక్ష్మి బీడీల చాట పక్కన పెట్టి లేచింది. నన్ను బయటికి లాగి కొంగుతో తుడిచింది. బాత్రూం నేల మీద పెట్టింది. బుడగ పడమరకు పోయింది. నన్ను ఆ కొస ఈ కొసకు తిప్పి పెట్టింది. మళ్లీ పడమరకే పోయింది. భర్తను పిలిచింది.

"ఇది ఎటు తిప్పినా ఒక్కటే మాట చెప్తాంది. దినానికో మాట చెప్పేది నువ్వే."

ఆమె ఎడమ చేత్తో సుత్తె అందుకుంది.

"టైల్స్ పలుగుతయే," అన్నాడు.

"పలగనీ. బిడ్డ పడొద్దు."

మొదటి దెబ్బ ఆమెదే. మిగిలినవి రాజేశం కొట్టాడు. మరునాడు కొత్త టైల్స్ వచ్చాయి. ఒక్కోదాని మీద భూలక్ష్మి నన్ను పెట్టి చూసింది. బుడగ తూర్పుకు జరిగేదాకా అతను పడమటి అంచును తట్టాడు. నాలుగుసార్లు ఆమె కాదంది. నాలుగుసార్లు టైల్ ఎత్తి మళ్లీ వేశాడు. నేను చెడిపోయానని అతను మళ్లీ అనలేదు. తప్పు తనదనీ అనలేదు.

ఇరవై ఆరు సాయంత్రం సౌజన్య వచ్చింది. తల్లి నీళ్లు కాచింది. సౌజన్య స్నానానికి వెళ్లి తలుపు వేసుకుంది. రాజేశం కుర్చీ తెచ్చి తలుపు బయట కూర్చున్నాడు. భూలక్ష్మి కూర్చోలేదు. లోపల జాలీలోకి నీళ్లు దిగుతున్న చప్పుడు ఇద్దరికీ వినిపించింది. ఏడు గంటలకు సౌజన్య తల తుడుచుకుంటూ బయటికి నడిచి వచ్చింది.