అప్పడం చెప్పిన ఆకాశం

బరంపురం లంజిపల్లిలో, అత్తవారింటి మేడమీద మురళీమోహన్ టెలిస్కోపు బిగించాడు, ఆండ్రోమెడా గెలాక్సీ చూద్దామని. ఎండబెట్టిన అప్పడాలు ఎత్తుతున్న అత్తగారు బాలాంబ ఒకటి వంచి చూసింది. అది విరగలేదు.

"గాలిలో సెమ్మ ఉంది బాబూ. ఈ రేత్రి మీకేటీ అగుపడదు."

"ఆకాశం నిర్మలమనే ఉంది ఫోనులో, అత్తయ్యా."

గంటసేపు వెతికాడు. బరంపురం దీపాల వెలుగు తేమలో పరుచుకుని ఆకాశమంతా పాలిపోయింది. గెలాక్సీ మాట అటుంచి, దాని మసకైనా దొరకలేదు.

మర్నాడు సాయంత్రం టెలిస్కోపు కంటే ముందు అప్పడం పట్టుకున్నాడు. ఫెళ్లున విరిగింది. నమ్మకం చాలక ఇంకో నాలుగు విరిచాడు.

"ఇవాళ ఖాయం, అత్తయ్యా!"

బాలాంబ ముక్కలు ఏరుకుంది.

"సుక్కలు అగుపడతాయి గానీ బాబూ, రేపు మీ కంచంలో అప్పడం మాత్రం అగుపడదు."