మాటు వేసిన గాట్లు

ఆసుపత్రిలో కొత్తగా కట్టిన పసిపిల్లల వార్డులో నిచ్చెనెక్కి, ఒక సీలింగ్ పలక పక్కకి నెట్టి, తల పైకి పెట్టగానే రోజలిన్ గుండె జారిపోయింది.

పలకల్ని మోసే ప్రతి ఇనుప చానల్‌కీ కంపెనీవాళ్ళు కావాలనే ఒకచోట గాటు పెట్టి పంపుతారు. నిప్పంటుకుంటే ఇనుము సాగుతుంది. సాగిన ఇనుము ఆ గాటు దగ్గర మడతపడి సర్దుకుంటే పలకలు కింద పడవు. ఇప్పుడు ఆ గాట్లన్నిటి మీదా రేకు మాట్లు, వాటికి రివెట్లు. చూడముచ్చటగా ఉన్నాయి కూడా, అదే ఏడుపు.

"హనోకు మావయ్యా! ఏటివి?"

కింద రేకుముక్కలు ఏరుతున్న హనోకు ముఖం వెలిగింది. సగం జీవితం బెల్లం పెనాలకు మాట్లేసిన మనిషి. రేకులో సందు కనబడితే చెయ్యి ఊరుకోదు.

"సూసేవా? కంపెనీవోళ్ళు అన్నీ తెగిన ముక్కలే అంటగట్టేరు. నేనే అతికేసేను. ఇంక ఏనుగెక్కినా ఊడదు."

"సీలింగెక్కడానికి ఏనుక్కేం పని? అవి తెగలేదు మావయ్యా. నిప్పొస్తే మడతపడ్డానికే కోసేరు."

"బాగుందమ్మా! రేపు నా పెనానికి కన్నమెట్టి బెల్లం వండమంటావేటి?"

ఇస్త్రీ చొక్కాలో వరదానం లోపలికొచ్చాడు. ఈ పని కాంట్రాక్టరు, రోజలిన్‌కు సొంత బాబాయి.

"రోజీ, దిగు. పాస్టరుగోరు వచ్చేత్తన్నారు. ప్రార్థనవ్వగానే డాట్టరమ్మ తల్లుల్నీ పిల్లల్నీ ఇందులోకి మార్చేత్తాది."

"మాట్లు తీసేదాకా మార్చకూడదు బాబాయ్. అంత గట్టిగా బిగిస్తేనే, నిప్పొచ్చినప్పుడు పలకలు పడతాయి."

ఈ ముక్క తను చదివిన పాలిటెక్నిక్‌లో అయితే ఎవరూ కాదనరు. ఇక్కడ ఇద్దరూ ఆమెకు ఎండదెబ్బ తగిలిందేమో అన్నట్టు చూశారు. ఈలోగా ఆయాలు ఉయ్యాలతొట్లు తోసుకొచ్చి గోడవారన వరసగా పెట్టేస్తున్నారు.

"ఒక్కసారి పెరట్లోకి రండి. నాది తప్పయితే నోరు మూసుకుంటాను."

"అదొక్కటీ జరగదు గానీ, పద," అన్నాడు వరదానం.

పెరట్లో రెండు గోడల మధ్య మాటు లేని చానల్ ముక్కను బిగించి, పక్కన ఇంకోటి ఆసరా పెట్టి, పైన పలక పరిచింది. గ్యాస్ టార్చ్ వెలిగించింది. ఇదంతా పుస్తకంలో చదవడమే తప్ప కళ్ళతో చూడలేదన్న సంగతి మాత్రం పైకి చెప్పలేదు.

చానల్ ఎర్రబడింది. ఏమీ కాలేదు.

"నీ గాటు నిద్దరోతందమ్మా," అన్నాడు హనోకు.

రోజలిన్ మంటను గాటుకు ఇంకా దగ్గరగా జరిపింది. వరదానం గేటువైపు తిరిగాడు.

టక్.

గాటు దగ్గర ఇనుము బుద్ధిగా మడతపడింది. పలక కదల్లేదు.

"ఇప్పుడు నీది పెట్టు మావయ్యా."

మాటు వేసిన ముక్కను హనోకే బిగించి, టార్చ్ తనే అందుకున్నాడు. మాటు ఊడలేదు, అతని పని అలాంటిది. చానలే విల్లులా పక్కకి వంగింది. పలక అంచు జారి, అతని కాళ్ళ ముందు పడి ముక్కలైంది.

హనోకు కాలు వెనక్కి తీసుకున్నాడు. ముక్కల్నీ, వార్డు కిటికీనీ మార్చి మార్చి చూశాడు. టార్చ్ ఆర్పి, డ్రిల్లు తీసుకుని లోపలికి నడిచాడు.

గేటు దగ్గర కారు హారన్ మోగింది.

"డాట్టరమ్మ నన్ను నమిలేత్తాది," అని గొణిగి, వరదానం చొక్కా సర్దుకుని ఎదురెళ్ళాడు. "అయ్యగోరూ, ప్రార్థన పందిట్లోనే సేసుకుందారండి. ఇయ్యాల పిల్లలు పాత వార్డులోనే ఉంటారు."

బయట కీర్తన అందుకున్నారు. లోపల ఆయాలు సణుక్కుంటూ తొట్లు వెనక్కి తోసుకుపోతున్నారు. రోజలిన్ నిచ్చెన పట్టుకుంది. రివెట్లు టపటపా నేలమీద రాలుతున్నాయి.

"మాటెయ్యొద్దని ఆ కంపెనీవోళ్ళు ఒక్క ముక్క రాసి సావొచ్చు గదేటి?" అన్నాడు పైనుంచి హనోకు.

"రాసేరు మావయ్యా. ఇంగ్లీషులో."

డ్రిల్లు ఆగింది. అతని చెవి మీది పెన్సిలు వచ్చి రోజలిన్ ముందు పడింది.

"అయితే నువ్వు తెలుగులో రాయి. పెద్దక్షరాలెట్టు."