జీఎం లేని జంతికలు

హలో, వినపడుతుందాండీ? నేను సూర్యకళని, భీమవరం నుంచి. ఓ ఐదు నిమిషాలు ఫోన్ చెవికి పెట్టుకున్నట్టే చదవండి. మధ్యలో కుక్కర్ విజిలొస్తే వెళ్లి కట్టేసి రండి, నేనెక్కడికీ పోను.

మొన్న పొద్దున్న జంతికలు వేస్తున్నానండి. బియ్యప్పిండిలో వెన్న, వాము కలిపి, గొట్టంలో కూరి, కాగే నూనెలోకి చుట్టడం. రోజూ ఉండేదే. మా షాపు పేరు సంపూర్ణమ్మగారి పిండివంటలు. సంపూర్ణమ్మగారంటే మా అత్తగారు. ప్యాకెట్ మీద బొమ్మ ఆవిడది, గల్లా దగ్గర కూర్చునేది మా ఆయన మురళీకృష్ణ, మూకుడు దగ్గర నిలబడేది నేను. జీతం సంగతి ఒకసారి ఆయన్ని అడిగితే "మనింట్లో మనకి జీతమేంటే, పిచ్చిదానా" అన్నారు. ముద్దుగానే అన్నారు లెండి.

ఆయన ఓ స్టిక్కర్ల కట్ట తెచ్చి పిండి పక్కనే పెట్టారు. ఆకుపచ్చ అక్షరాలు. "జీఎం లేని జంతికలు" అని.

"ఇవాళ నువ్వు లైవ్‌లో మాట్లాడాలి. పట్టుచీర కట్టుకో."

ఇన్నాళ్లూ షాపు వీడియోల్లో నా చేతులే కనపడేవండి, గాజులదాకా. మొహం అక్కర్లేదనేవారు.

"ఆడవాళ్ల నోటితో చెబితే జనం నమ్ముతారు. 'మా వంటింట్లోకి జీఎం అడుగుపెట్టదండి, మా పిల్లలకి పెట్టేదే మీకూ పెడతాం' అను, చాలు."

"నూనె పత్తిగింజలది కదండీ?"

"అయితే?"

అయితే ఏంటో నాకు తెలుసండి. జీఎం అంటే జన్యువు మార్చిన పంట. నరసాపురంలో డిగ్రీ బయోటెక్నాలజీ చదివాను, రెండో ఏడాది మధ్యలో పెళ్లయిపోయింది గానీ. మట్టిలో ఓ సూక్ష్మజీవి ఉంటుంది. పురుగుని చంపే విషం తయారుచేసే జన్యువు దాని దగ్గర ఉంటుంది. ఆ జన్యువుని తీసి, పత్తి మొక్క కణంలోకి చేరుస్తారు. ఆ ఒక్క కణాన్నీ గాజుసీసాలో పెంచి మొక్కని చేస్తారు. ఇంక ఆ మొక్క పురుగుమందు తనే తయారుచేసుకుంటుంది. మన దేశంలో ఇప్పుడు పత్తంటే దాదాపు అదేనండి. మొదట్లో మందు కొట్టే పని తగ్గింది. తర్వాత కాయ తొలిచే గులాబీ రంగు పురుగు ఆ విషానికి అలవాటు పడిపోయింది, రైతు మళ్లీ మందు డబ్బా భుజానికెత్తుకున్నాడు. విత్తనం మాత్రం ఏటేటా కొనాల్సిందే. ఈ పాఠం చదివేటప్పుడు అర్థం కాలేదు గానీ, పెళ్లయ్యాక బాగా అర్థమైంది. నన్నూ అలాగే తీసుకొచ్చి పెట్టారు కదా, గోత్రం మార్చి, ఇంటిపేరు మార్చి. ఇక్కడి పురుగులన్నిటికీ మందు నేనే తయారుచేయాలి, నాకేమవుతుందో ఎవరూ పరీక్ష చెయ్యరు.

"పత్తి జీఎంది కదండీ, ఆ నూనెలో వేయించి జీఎం లేదని ఎలా చెప్పను?"

"తింటే ఏమన్నా అవుద్దా?"

"శుద్ధి చేసిన నూనెలో ఆ విషం మిగలదనే అంటారు. నాకు తెలిసి ఏమీ అవ్వదు."

"మరింకేంటే నీ బాధ?"

"ఏమీ అవ్వనప్పుడు, లేదని రాయడం దేనికండీ?"

ఆయన నవ్వారు. "భయపడేవాళ్లు ఎక్కువ రేటిచ్చి కొంటారు. అదీ నీకు చెప్పాలా?"

అత్తగారు వాకిట్లోంచే అందుకున్నారు. "మొగుడు చెప్పమన్నది చెప్పడానికి కూడా పరీక్ష పాసవ్వాలా అమ్మాయ్?"

ఇన్నేళ్లలో నా చేతులిచ్చాను, నా నడుమిచ్చాను, నా పొద్దుటి నిద్రిచ్చాను. ఎవరూ అడిగి తీసుకోలేదు, నేనూ లెక్క చూడలేదు. ఇప్పుడు నోరు అడుగుతున్నారు. అదొక్కటే మిగిలింది నాకు.

పట్టుచీర కట్టుకోలేదండి. పిండి చేతులతోనే కూర్చున్నాను. ఆయన ఫోన్ పట్టుకుని, మొదలుపెట్టమని తలూపారు.

"నమస్తే అండీ. ఈ జంతికలు వేసేది నేను, పేరు సూర్యకళ. వీటిని పత్తిగింజల నూనెలో వేయిస్తాను. ఆ పత్తి జీఎంది. తింటే ఏదో అయిపోద్దని నేననట్లేదు, భయపడకండి. కానీ ఈ స్టిక్కర్ అబద్ధం. తెలుసుకుని కొనుక్కోండి."

ఆయన ఫోన్ కట్టేశారు. మొహం ఎర్రగా అయిపోయింది.

"పరువు బజార్లో పెట్టేశావు! ఇంక జన్మలో కెమెరా ముందుకి రాకు."

"చదివినదాన్ని చేసుకోవద్దని ఆరోజే మొత్తుకున్నాను," అన్నారు అత్తగారు.

స్టవ్ కట్టేశానండి.

"రానండి. ఆ స్టిక్కర్ అంటించినన్నాళ్లు మూకుడు ముందుకీ రాను."

"మరి ఆర్డర్లు ఎవరు వేస్తారు?"

"పిండి కలిపే ఉంది. మీరు చుట్టండి, నేను వీడియో తీస్తాను."

ఇవాళ్టికీ మూకుడు చల్లగానే ఉందండి. స్టిక్కర్లు చించుతారో, జంతికలు చుట్టడం నేర్చుకుంటారో ఆయనిష్టం. నేను మాత్రం ముందు దిగిరాను.

ఉంటానండి. ఈ కథ నలుగురికీ పంపండి. ముందు వండేవాళ్లకి పంపండి, తినేవాళ్లకి తర్వాత.