ఇల్లు చేరే చప్పుడు

నాలుగు మడతలు వేసిన పలుచటి కాగితం మీద తణికాచలం సిరా చిమ్మే ప్రింటర్ హెడ్డును ఆనించాడు. పది లెక్కపెట్టి, ఎత్తి చూశాడు. కాగితం మీద నాలుగు చారలు పడాలి. నలుపు పడింది, నీలం పడింది, పసుపు సన్నగా పడింది. ఎరుపు ఉండాల్సిన చోట ఉత్త తడి మాత్రమే ఉంది. కాగితాన్ని బుట్టలో వేసి, సిరంజిలోకి గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్ తీసుకుని, ఎరుపు సిరా దిగే రంధ్రం మీద ఒక్కొక్క చుక్కే వదిలాడు. గట్టిగా నెట్టకూడదు. నెడితే లోపలి పొర చిట్లుతుంది. ఇక ఆ హెడ్డుకు చేయగలిగేది ఏమీ ఉండదు.

గట్టిగా నెట్టడం తణికాచలానికి ఏ విషయంలోనూ రాలేదు. అరవై ఒకటో ఏడు. సన్నటి మనిషి, మెడ కొంచెం ముందుకు వంగి ఉంటుంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు గోళ్ళ దాకా ఏదో ఒక రంగులో ఉంటాయి. ఎంత రుద్దినా ఒక రంగు పోయేలోపు ఇంకొకటి ఎక్కుతుంది.

పది గంటలకు కొట్టు యజమాని ఇళంగో వచ్చాడు. స్కూటర్ తాళంచెవి వేలికి తిప్పుకుంటూ బల్ల దగ్గర ఆగాడు.

“ఏంటన్నా, ఇంకా స్నానం చేయిస్తూనే ఉన్నావా? పెళ్ళికూతురికైనా ఇంతసేపు పట్టదు.”

“బాగా ఎండిపోయింది తంబీ. ఏడాదిగా ముట్టుకున్న పాపాన పోలేదు.”

“అందుకే కొత్తది కొనుక్కోమన్నా టీచరమ్మని. వింటేనా! తణికాచలం చూస్తాడు, తణికాచలం చూస్తాడు అని ఒకటే పాట.” ఇళంగో గొంతు తగ్గించాడు. “చూడన్నా, ముందే చెప్పేస్తున్నా. సాయంత్రం ఐదింటికల్లా అది నాలుగు రంగులూ కక్కిందా, ఈ బల్ల నీదే. లేదంటే ఇక్కడ లామినేషన్ మిషన్ పెట్టేస్తా. ఈ వయసులో నీకెందుకీ తంటా, ఇంటిపట్టున హాయిగా ఉండు.”

తణికాచలం తలూపాడు. ఇంటిపట్టున ఉండటమంటే ఏమిటో ఇళంగోకు తెలియదు.

గోడ మీద దండ వేసిన ఫోటోలో ఇళంగో తండ్రి సభాపతి ఉన్నాడు. కుంభకోణం పెద్దవీధిలో ఒకప్పుడు ఆయనకు అచ్చాఫీసు ఉండేది. తణికాచలం పదిహేడో ఏట అందులో కంపోజిటర్‌గా చేరాడు. సీసం అక్షరాలను తలకిందులుగా చదవటం, ఒక్కొక్కటే ఏరి వరసలో పేర్చటం, వరస ఒరగకుండా కట్టటం అక్కడే నేర్చుకున్నాడు. ఊళ్ళో సగం పెళ్ళిపత్రికలు అతని చేతి మీదుగా పోయాయి. అతని పెళ్ళిపత్రిక మాత్రం ఎవరూ అచ్చు వేయించలేదు. అచ్చాఫీసు మూతపడి జిరాక్స్ కొట్టు అయినప్పుడు సభాపతి ఈ బల్ల చూపించి, “నేనున్నన్నాళ్ళూ ఇది నీదిరా,” అన్నాడు. ఆయన పోయి రెండేళ్ళయింది.

హెడ్డు కింద తడి కాగితం మార్చి, తణికాచలం ప్రింటర్‌ను మళ్ళీ ఒకసారి చూశాడు. దాని యజమాని టీచరమ్మ, కనకవల్లి, మడత్తెరువు అనే వీధిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతుంది. ఏటా జూన్‌లో ఒక్కసారి ఆ ప్రింటర్ మీద సర్టిఫికెట్లు తీస్తుంది. చుట్టూ ఎర్రగులాబీల అంచు ఉంటుంది. ఈసారి పన్నెండుమంది పిల్లలు, రేపు ఉదయం ఇవ్వాలి. పని కాగానే ఆమె గోడ స్విచ్ కట్టేసి, తనే కుట్టిన పూలగుడ్డ కప్పి, మళ్ళీ జూన్ దాకా దాని ముఖం చూడదు. ఆ వీధిలో అందరి అలవాటూ అదే. ఉరుములకు కాలిపోతుందేమోనని, కరెంటు ఊరికే ఖర్చవుతుందేమోనని ముందు గోడ దగ్గరికే పరిగెత్తుతారు. హెడ్డుకు ప్రింటర్ లోపల కుడిపక్కన ఒక గూడు ఉంటుంది. ప్రింటర్ బటన్ నొక్కి ఆపితే హెడ్డు వెళ్ళి ఆ గూట్లో తడి మెత్త మీద కూర్చుంటుంది. కూర్చున్నప్పుడు ‘టక్’మని చప్పుడవుతుంది. గోడ దగ్గర కట్టేస్తే ఎక్కడిది అక్కడే ఆగి, గాలికి ఎండిపోతుంది. ఈ మాట తణికాచలం ఆమెకు ఆరేళ్ళుగా చెబుతున్నాడు.

మొన్న తెచ్చినప్పుడు, “ఈసారి బటన్ నొక్కే ఆపానన్నా, నిజం,” అంది కనకవల్లి. మూత తెరిస్తే హెడ్డు నట్టనడుమ ఉంది. అతను చూశాడు, మూత దించాడు. “సరే టీచరమ్మా,” అన్నాడు.

ఒంటిగంటకు పెరుగన్నం డబ్బా తెరిచాడు. నారదబ్బకాయ ఊరగాయ ముక్క పక్కన స్పూన్ ఉంది. తమ్ముడి ఇంట్లో ఉంటాడు. మొదటి వారమే మరదలు, “బావగారూ, ఆ వేళ్ళతో కలిపితే పిల్లలు తినలేకపోతున్నారు,” అని స్పూన్ ఇచ్చింది. పిల్లలు పెద్దవాళ్ళయి ఎటువాళ్ళటు వెళ్ళిపోయారు. స్పూన్ అలాగే ఉండిపోయింది. బల్ల దగ్గర ఎవరూ చూడరు. అయినా ఇక్కడా స్పూన్‌తోనే తింటాడు.

మూడింటికి హెడ్డు బిగించి పరీక్ష పేజీ తీశాడు. నలుపు, నీలం, పసుపు మెట్లుమెట్లుగా నిండుగా వచ్చాయి. ఎరుపు మెట్లలో సగం లేవు. పళ్ళూడిన నోటిలా ఉంది. విప్పి, మళ్ళీ తడి కాగితం మీద పెట్టాడు. ఎడమ భుజం లాగుతోంది. తెల్లారినప్పటి నుంచి వంగి కూర్చున్నందుకే అనుకున్నాడు.

నాలుగున్నరకు కొట్టు ముందు రిక్షాబండి ఆగింది. దాని మీద తాడుతో కట్టిన అట్టపెట్టె. ఇద్దరు మనుషులు దాన్ని దించి, ఎక్కడ పెట్టాలని అడిగారు. ఇళంగో తణికాచలం వైపు చూడకుండా, “ప్రస్తుతానికి ఆ మూల పెట్టండి,” అన్నాడు.

తణికాచలం హెడ్డు బిగించాడు. చేతులు తొందరపడలేదు. మూత వేసి, బటన్ నొక్కాడు. కాగితం మెల్లగా బయటికి వచ్చింది. నాలుగు రంగులు. ఒక్క మెట్టూ తెగలేదు. గోడ గడియారం ఐదుకు పదిహేను నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

అతను ఆ పేజీ తీసుకెళ్ళి ఇళంగో ముందు పెట్టాడు.

“పడిందే!” అన్నాడు ఇళంగో. పేజీ అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తల గోక్కున్నాడు. “ఏం చెయ్యమంటావన్నా... మిషన్‌కి పోయిన వారమే ఆర్డర్ చెప్పేశా. ఐదింటికని ఊరికే మాటవరసకి అన్నా. నీకు పడుతుందని నేననుకోలా.”

“మరి పొద్దున చెప్పకపోయావా తంబీ.”

“చెబితే నువ్వు పని మధ్యలో వదిలేస్తే? టీచరమ్మ నన్ను ఊరుకుంటుందా?”

తణికాచలం పేజీ తీసుకుని వెనక్కి తిరిగాడు. బల్ల దగ్గరికి వచ్చి సిరంజీలు రెండూ కడిగాడు. స్క్రూడ్రైవర్లు పాత బనీను గుడ్డలో చుట్టాడు. పన్నెండేళ్ళ బల్ల అంతా ఒక గుడ్డ సంచిలో సగానికి వచ్చింది.

కనకవల్లి పూలగుడ్డ భుజాన వేసుకుని ఐదింటికి వచ్చింది. పరీక్ష పేజీ చూసి ఆమె ముఖం విచ్చుకుంది.

“నాకు తెలుసన్నా. ఇళంగో ఎన్ని చెప్పినా నేను వినలేదు, చూడు. పైకి పంపేద్దామనుకున్నాడు దీన్ని!”

“ఒకసారి చెవి ఇటు పెట్టు టీచరమ్మా.” అతను బటన్ నొక్కాడు. లోపల హెడ్డు కదిలింది, కుడివైపుకు వెళ్ళింది. టక్. “విన్నావా? ఇల్లు చేరింది. ఈ చప్పుడయ్యాకే గోడ స్విచ్.”

“ప్రతి ఏడూ ఇదే చెబుతావు.”

“ప్రతి ఏడూ చెప్పాల్సి వస్తోంది మరి.”

ఆమె నవ్వేసింది. అతను ఒక చీటీ తీసుకుని, ‘ముందు ఇది. టక్ అన్నాక గోడ స్విచ్,’ అని రాసి, బాణం గీసి, బటన్ పక్కనే అంటించాడు. ప్రింటర్‌ను ఆటోలోకి ఎత్తి, ఆమె ఒళ్ళో సర్ది పెట్టాడు.

“వచ్చే జూన్‌కి కూడా నీ దగ్గరికే తెస్తా, తప్పించుకోలేవు,” అంది కనకవల్లి.

“తీసుకురా టీచరమ్మా,” అన్నాడు. బల్ల సంగతి చెప్పలేదు.

మర్నాడు ఉదయం మరదలు టీ తీసుకెళ్ళి రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవకుండా గ్లాసు కింద పెట్టి, మొగుణ్ణి లేపింది. తణికాచలం గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గుడ్డ సంచి తల దగ్గరే ఉంది.

అదే వేళకు మడత్తెరువులో గులాబీలు ఒక్కటొక్కటే ఎర్రగా బయటికి వస్తున్నాయి. పిల్లలు వాకిట్లో గోలగోలగా ఉన్నారు, ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. పన్నెండో కాగితం జారి పడగానే కనకవల్లి అన్నీ తీసుకుని లేచింది.

మధ్యాహ్నం సర్టిఫికెట్లు పంచి తిరిగి వస్తూ వీధి మలుపులో గోడ మీద పోస్టర్ చూసింది. కన్నీటి నివాళి. కింద ఇళంగో కొట్టు పేరు. ఫోటోలో తణికాచలం మెడ ముందుకు వంచి, ఎవరో పిలిస్తే తలెత్తినట్టు చూస్తున్నాడు. కొట్టు గుమ్మానికీ అదే పోస్టర్ కట్టారు, చిన్నది, ఎండకు మెరుస్తోంది. కొత్త మిషన్‌లో పెట్టిన మొదటి కాగితం అదే.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే ప్రింటర్ మీది పూలగుడ్డ తీసింది. మూత ఎత్తింది. హెడ్డు గూటికి ఇంకా జానెడు దూరంలో ఆగి ఉంది. పొద్దున తొందరలో కట్టేసిన గోడ స్విచ్ మళ్ళీ వేసింది. ప్రింటర్ దీపం వెలగలేదు. వీధంతా కరెంటు లేదు.

బటన్ పక్కన ఆ చీటీ ఉంది. సీసంతో పేర్చినట్టు, ఒక్క అక్షరమూ వరస ఒరగలేదు.